నాలుగు గంటల దూరం, పదకొండు రోజుల ప్రయాణం

కొంచెం పెద్ద పోస్టు ఇది. బస్సుల కూసున్నప్పుడో, రాత్రి మెస్‌ల తిన్నాకనో తీరికగా చదవండి. తప్పులుంటే కామెంట్ల చెప్పండి, దిద్దుకుంట.

పోయిన ఆదివారం మా హాస్టల్ల ఇంటర్ చదివే ఒక తమ్ముడు నా రూముకు వచ్చిండు. అచ్చంపేట దిక్కు తండా వాళ్లది. వచ్చే నెల వాళ్ల నాయిన దుబాయి పోతున్నడట. "అన్నా, దుబాయి ఎంత దూరం? ఎంతసేపు పడుతది?" అని అడిగిండు. నేను ఫోన్ల చూసి చెప్పిన. హైదరాబాద్ నుంచి దుబాయికి ఆకాశంల దాదాపు 2,550 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు. వాడి ముఖం వెలిగింది. "గంతేనా? మా ఊరి నుంచి హైదరాబాద్ రావడానికే గంత పడుతది కదా" అన్నడు.

వాడు సంతోషంగ పోయిండు కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చెప్పిన లెక్క తప్పు కాదు. కానీ మా ఇంట్ల ఆ దూరానికి వేరే లెక్క ఉంది. అది చెప్పాలంటే ముందు మన తాతముత్తాతలు దూరాన్ని ఎట్ల కొలిచేటోళ్లో చెప్పాలె. నేను డిగ్రీల హిస్టరీ తీసుకున్నందుకు ఇదొక్క పనన్న చేస్త అనుకున్న.

ఎడ్ల మీద దూరం

పాతకాలంల తెలుగోళ్లు దూరాన్ని కోసు, ఆమడ అని లెక్కపెట్టేటోళ్లు. కోసు అంటే సుమారు రెండు మైళ్లు, ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్లు. ఊరు ఊరుకు అది కొంచెం మారేది. రాయి పాతి, టేపు పెట్టి కొలిచిన దూరం కాదది. మనిషి కాళ్లకు ఎంత పని అనేదే ఆ లెక్క.

మన లంబాడోళ్లకు ఇంకో లెక్క ఉండె, అది ఎద్దు లెక్క. ఎద్దుల మీద గోనెలు వేసి ధాన్యం, ఉప్పు మోసి అమ్మే పనిని మనోళ్లు లదేణి అనేటోళ్లు. గ్రూప్‌ల చాలామంది ఇండ్లల్ల పెద్దోళ్లు ఈ మాట ఇప్పటికీ అంటరు. పీటర్ మండీ అని ఒక ఇంగ్లీషు వ్యాపారి 1632ల ఉత్తర భారతం దారిల పోతుంటే మన తండా ఒకటి ఎదురైంది. 14,000 ఎద్దులు, అన్నింటి మీద ధాన్యమే అని ఆయన రాసుకున్నడు. ఆ తర్వాత ఫ్రాన్స్ దేశపు వజ్రాల వ్యాపారి తావెర్నియే కూడ పది, పన్నెండు వేల ఎద్దుల గుంపులను చూసిన అని రాసిండు. ఆ గుంపు ఇరుకు దారిల ఎదురొస్తే మిగతా బాటసారులు అది దాటిందాక రోజులకొద్ది ఆగాల్సి వచ్చేదట.

అంత పెద్ద గుంపు ఎంత వేగంగ పోయేది? మండీ లెక్క ప్రకారం రోజుకు ఆరేడు మైళ్లు, అంటే పది, పదకొండు కిలోమీటర్లు. ఆ లెక్కన దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు పది రోజులు. మచిలీపట్నం సముద్రపు ఒడ్డు నుంచి హైదరాబాద్‌కు ఉప్పు తేవాలంటే నెల పైన. వానకాలం వస్తే నడకే బంద్, ఏదన్న గుట్ట పక్కన ఆగుడే.

ఎందుకంత నెమ్మది అని నేను మా సార్‌ను అడిగిన. సార్ చెప్పింది విన్నాక మనోళ్ల తెలివి అర్థమైంది. ఎద్దులకు దాణా కొనేది లేదు. అవి దారి పొడుగున మేసుకుంట పోవాలె. ఉరికిస్తే మేత ఉండదు, మేత లేకుంటే ఎద్దు పడిపోతది. నెమ్మదిగ పోతేనే మోత ఖర్చు తక్కువ. బండి దారి లేని చోటికి కూడ ఎద్దు పోతది. అందుకే మొగలుల సైన్యాలకు, తర్వాత ఇంగ్లీషోళ్ల సైన్యాలకు కూడ తిండి చేర్చింది మన ఎడ్లే. ఇంకోటి, నడిచేది మొగోళ్లు ఒక్కళ్లే కాదు. ఆడోళ్లు, పిల్లలు, ముసలోళ్లు, కుక్కలు, ఇల్లు మొత్తం నడిచేది. నెల రోజుల ప్రయాణమైనా ఎవ్వరికీ ఎవ్వరూ దూరం కాలేదు. పిల్లలు దారిల పుట్టేటోళ్లు, ముసలోళ్లు దారిల పోయేటోళ్లు, అందరూ పక్కనే ఉండేటోళ్లు.

మన జిల్లా దారి గురించి ఒక్క లెక్క కూడ చెప్త. తావెర్నియే గోల్కొండ నుంచి కొల్లూరు వజ్రాల గని దాక పోయిండు. కృష్ణ ఒడ్డు గని అది, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. గోల్కొండ నుంచి అక్కడికి ఏడు రోజుల దారి అని రాసిండు. ఇప్పుడు బస్సుల పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి ఆ దిక్కు చేరుకుంటం.

రైలు వచ్చినంక

నిజాం రాజ్యంల 1874ల వాడి నుంచి సికింద్రాబాద్ దాక రైలు వచ్చింది. 1889 వరకు అది బెజవాడ దాక పోయింది. సముద్రం దిక్కు సరుకు రైలుల గంటల్ల హైదరాబాద్ చేరడం మొదలైంది. నెల రోజులు నడిచే ఎద్దుకు ఇగ పనేముంటది? లదేణి ఒక్క రోజుల ఆగలేదు గానీ కొద్దికొద్దిగ చచ్చిపోయింది. మనోళ్లు గుట్టల పక్కన, అడవి అంచున గుడిసెలు వేసుకొని పశువులు, కట్టెలు, కూలి మీద పడ్డరు. అప్పటిదాక తండా అంటే నడిచే గుంపు. ఆ తర్వాత తండా అంటే ఒక చోట ఉండే ఊరు అయింది.

అదే కాలంల ఇంకోటి జరిగింది. 1871ల ఇంగ్లీషోళ్లు నేరస్త జాతుల చట్టం తెచ్చిండ్రు. తిరిగి బతికే జాతులను అనుమానంగ చూసి, చాలా చోట్ల జాబితాల ఎక్కించిండ్రు. బంజారాల పేరు కూడ కొన్ని ప్రాంతాల్ల ఆ జాబితాల ఎక్కింది. జాబితాల ఉన్నోడు ఊరు దాటి పోవాలంటే హాజరు వేయించుకోవాలె, పాసు చూపించాలె. వందల ఏండ్లు నడకే బతుకుగ ఉన్నోళ్లకు నడిచినందుకే శిక్ష. స్వతంత్రం వచ్చినంక 1952ల ఆ చట్టాన్ని రద్దు చేసిండ్రు. ఈ "పాసు" అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్ల వస్తది.

పదమూడు నిమిషాలు

ఇప్పుడు విమానం కాడికి వస్త. మన దేశంల విమానంల ఉత్తరాలు మోసింది మొదటిసారి 1911 ఫిబ్రవరి 18న. అలహాబాద్ నుంచి యమున దాటి నైని దాక. ఆరి పెకే అనే ఫ్రాన్స్ పైలట్ దాదాపు 6,500 ఉత్తరాలు తీసుకపోయిండు. దూరం సుమారు ఆరు మైళ్లు, పట్టింది 13 నిమిషాలు.

ఈ లెక్క చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊకె కూసున్న. ఆరు మైళ్లు అంటే మన తండా ఒక రోజంత నడిచిన దూరం. ఆ ఒక్క రోజు 13 నిమిషాలు అయింది.

తర్వాత పని తొందరగ జరిగింది. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల విమానం నడిపిండు. అక్కడి నుంచి ఆయన తోటి పైలట్ విన్సెంట్ బళ్లారి మీదుగ మద్రాసు తీసుకపోయిండు. మన హైదరాబాద్‌ల బేగంపేట విమానాశ్రయం నిజాం కాలందే. 1945ల నిజాం సర్కారు, టాటా వాళ్లు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టిండ్రు. 1953ల అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ల కలిసిపోయింది. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా విమానం మొదటిసారి బొంబాయి నుంచి లండన్ పోయింది, మధ్యల కైరో, జెనీవాల ఆగి.

ఆకాశంల ఇదంత నడుస్తుంటే కింద మనోళ్లు ఏం చేస్తున్నరు? 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. మధ్యల ఆ పన్నెండేండ్లు రాళ్లు మోసింది పాలమూరు, నల్లగొండ కూలీలు, ఇంకా చుట్టుపక్కల జిల్లాల వాళ్లు. సాగర్ రాతి కట్టడం. మిషన్ల కంటే మనుషుల తలల మీద ఎక్కువ లేచింది. మా దాదా కూడ అందుల ఉన్నడు. పదహారు, పదిహేడేండ్ల వయసుల వాళ్ల యాడితోని కలిసి దేవరకొండ దిక్కు నుంచి రెండు పగళ్లు నడిచి సాగర్ పోయిండట. "బస్సు ఉండె గానీ పైసల్లేకుండె" అనేటోడు. పాలమూరు కూలీ అనే పేరు అట్లనే దేశమంత తెలిసింది. డ్యామ్ ఎక్కడ కడితే అక్కడికి మనోళ్లు పోయిండ్రు. తర్వాత బొంబాయి, పుణె బిల్డింగుల పనికి పోయిండ్రు, ఇప్పటికీ పోతున్నరు.

ఒక్క మంచి మాట కూడ చెప్పాలె. ఆంధ్ర ప్రాంతంల లంబాడోళ్లు ముందునుంచే ఎస్టీలు. మన తెలంగాణల మాత్రం 1976 చట్టంతోనే ఎస్టీ జాబితాల చేర్చిండ్రు. మనం ఇవ్వాళ హాస్టల్ల కూసొని ఈ పోస్టు చదువుతున్నమంటే ఆ చట్టానికి కూడ అందుల భాగముంది.

శంషాబాద్, ఆకాశం దారి

2008 మార్చిల శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది, బేగంపేటకు మామూలు విమానాలు బంద్ అయినయి. దాదాపు 5,500 ఎకరాలు, పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. రన్‌వే పొడుగే నాలుగు కిలోమీటర్ల పైన, అంటే ఒక కోసు పైన! మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వచ్చే బస్సు ఆ పక్కనుంచే వస్తది. పాలమూరు దిక్కు తమ్ముళ్లందరూ కిటికీల నుంచి విమానాల తోకలు చూసినోళ్లే.

ఇప్పుడు విమానం దూరం ఎట్ల లెక్కపెడుతరో చెప్త, పోటీ పరీక్షలకు కూడ పనికొస్తది. భూమి గుండ్రంగ ఉంది కాబట్టి గోడకున్న మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీస్తే తప్పు వస్తది. ఒక గ్లోబు తీసుకొని రెండు ఊర్ల మధ్య దారం బిగించి పట్టండి. దారం ఎక్కడి నుంచి పోతే అదే దగ్గరి దారి. షికాగోకు గోడ మ్యాప్‌ల గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగ పోతది. దారం పెడితే దాదాపు నేరుగ ఉత్తరానికి, రష్యా మీదుగ, ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతది. ఆ దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు మధ్యల ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. సుమారు పదహారు, పదిహేడు గంటల ప్రయాణం. అదే దూరం లదేణి ఎద్దు లెక్కన రోజుకు పదకొండు కిలోమీటర్లు వేస్తే, వానకాలం ఆగకుండ నడిచినా మూడేండ్ల పైన.

సమయం లెక్కల రెండు మెలికలుంటయి. ఒకటి గాలి. పైన పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తది. అందుకే దుబాయి పోయేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు కొంచెం తక్కువసేపు పడుతది. రెండోది గడియారం. దుబాయి టైము మనకంటే గంటన్నర వెనుక. పొద్దున పదింటికి ఇక్కడ ఎక్కి నాలుగు గంటలు పోతే అక్కడ గడియారంల పన్నెండున్నరే ఉంటది. షికాగో చలికాలంల మనకంటే పదకొండున్నర గంటలు వెనుక. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కి పదహారున్నర గంటలు పోతే, అక్కడ అదే రోజు సాయంత్రం ఐదు.

మా ఇంటి లెక్క

ఇగ అసలు సంగతి. మా బాపు 2014ల దుబాయి పోయిండు, బిల్డింగ్ పనికి. అప్పుడు నేను చిన్నోన్ని. శంషాబాద్ దాక జీపుల పోయినం. లోపలికి రానియ్యరు కదా, అద్దాల బయటనే నిలబడ్డం. బాపు కనబడకుండ పోయినంక దాదా ఒక్క మాట అడిగిండు. "ఎన్ని రోజుల నడక?" అని. ఎవరో నవ్వి "నడక కాదు తాతా, నాలుగు గంటలే" అన్నరు.

2017ల దాదా చచ్చిపోయిండు. ఫోన్ అదే గంటల బాపుకు చేరింది. ఫోన్‌కు దూరం లేదు. బాపు పాస్‌పోర్టు మాత్రం బాపు దగ్గర లేదు, పనిచేసే కంపెనీ వాళ్ల దగ్గర ఉంది. అడిగితే సంబంధించిన మనిషి సెలవుల ఉన్నడన్నరు. ఆయన వచ్చినంక మేనేజర్ సంతకం కావాలన్నరు. సంతకం అయినంక ఈ నెల జీతం ఆగుతదన్నరు. ఎనిమిదో రోజు పాస్‌పోర్టు చేతికొచ్చింది. టికెట్ పైసలు తోటి కూలీలు తలా కొంత వేసుకున్నరు. పదకొండో రోజు బాపు తండాకు వచ్చిండు. దాదాను మేము రెండో రోజే సాగనంపినం. కొడుకు చేయాల్సింది మా చిన్నాయిన చేసిండు. బాపు దినాలకు ఒక్క రోజు ముందల చేరిండు. వచ్చి ఇంట్లకు రాలేదు, నేరుగ మట్టి కాడికి పోయి కూసున్నడు.

పదకొండు రోజులు. మండీ లెక్కన ఎద్దుల మీద మన తండా నూటపది కిలోమీటర్లు పోయేది. మా దాదా నాయిన కాలంల అయితే కొడుకు అసలు దూరమే ఉండకపోవు, అదే గుంపుల నడుస్తుండె. విమానం వచ్చినంక దూరం తగ్గిందని పుస్తకాల రాస్తరు. అది నిజమే. కానీ ఎవరికి తగ్గింది, ఎవరి చేతుల కాయిదం ఉంటే తగ్గింది అనేది కూడ హిస్టరీనే అని నాకు అనిపిస్తది.

అప్పటి "పాసు" యాదికొచ్చిందా? నేను రెండూ ఒకటే అనడం లేదు. పాస్‌పోర్టు మన హక్కు, పాసు మన మీద పెట్టిన కట్టడి. కానీ వేరేటోడు గుంజుకొని పెట్టుకుంటే పాస్‌పోర్టు కూడ పాసు లెక్కనే అయితది. ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్న: 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత సర్కారు ఆస్తి, కంపెనీ దాచిపెట్టుకోవడానికి కాదు. దుబాయి దిక్కు చట్టం కూడ యజమాని పాస్‌పోర్టు ఉంచుకోవద్దనే చెప్తది. మా బాపుకు అది తెల్వదు. చెప్పేటోళ్లు లేకుండె.

ఇంకోటి. పది పాస్ కానోళ్లకు పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతది. 1983 వలస చట్టం ప్రకారం గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే వాళ్లకు సర్కారు అనుమతి కావాలె. కూలీలను మోసం చేయొద్దని పెట్టిన నియమం అది, మంచిదే. ఆ అనుమతి లేకుండ విజిట్ వీసా మీద పంపే ఏజెంటును నమ్మితేనే గోస. మా బాపు పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ఉండె. పోయిన ఏడు నేను తీసుకున్న పాస్‌పోర్టు మీద లేదు, ఎందుకంటే నా దగ్గర పదో తరగతి మెమో ఉంది. మా ఇంట్ల మొదటి మెమో అది. బాపు దాన్ని ప్లాస్టిక్ కవర్ల పెట్టి బియ్యం డబ్బా మీద దాచిండు.

మనం చేయగలిగింది

ఆ తమ్మునికి మళ్ల చెప్పిన. మీ నాయిన పోయే ముందు మూడు పనులు చేయి అన్న. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం కాయిదాలు ఫోటో తీసి నీ దగ్గర పెట్టుకో. ఏజెంటుకు సర్కారు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ల చూడు. అక్కడి మన దేశపు కాన్సులేట్ నంబర్ నాయిన ఫోన్ల ఎక్కియ్యి, ఒక కాయిదం మీద కూడ రాసి జేబుల పెట్టు. వాడు రాసుకున్నడు. తర్వాత "అన్నా, ఇదంత ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నడు. నిజమే, నువ్వు కిలోమీటర్లు అడిగినవు, నేను కిలోమీటర్లే చెప్పిన అన్న.

షికాగో దూరం కూడ ఊకె రాయలేదు. మన రాష్ట్రంల ఎస్టీ పిల్లలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. కేంద్రంల గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, అందుల చెంచుల లాంటి ఆదిమ తెగలకు వేరుగ సీట్లున్నయి. అమ్రాబాద్ అడవిల పెంటల నుంచి వచ్చి చదువుతున్న చెంచు తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని చూసి పెట్టుకోండి. మనోళ్లు దుబాయికి రాళ్లు మోయడానికే పోవాలని ఎక్కడా రాసి లేదు.

చివరిగ ఒక పని అడుగుత. ఈసారి ఊరికి పోయినప్పుడు మీ దాదా, దాదిని, లేకుంటే పెంటల పెద్దోళ్లను ఒక్కటి అడగండి: "నువ్వు నడిచిన అన్నింటికంటే పెద్ద దూరం ఏది? ఎన్ని రోజులు పట్టింది? ఎవరెవరు వెంట ఉన్నరు?" వాళ్లు చెప్పింది ఫోన్ల రికార్డు చేసి, రాసి ఈ గ్రూప్‌ల పెట్టండి. నేను మా దాదాను అడగలేదు. సాగర్ నడక గురించి ఆయన చెప్పినప్పుడు సగమే విన్న, సగం టీవీ చూసిన. ఇప్పుడు అడుగుదమంటే ఆయన లేడు.

బాపు ఇప్పుడు ఇంటికాడనే ఉన్నడు, రెండెకరాల పత్తి చేస్తుండు. ఈ పోస్టు రాసినంక ఫోన్ చేసి చదివి వినిపించిన. అంత విని, "పదకొండు కాదు బిడ్డా, నేను దిగింది పదో రోజు రాత్రి. శంషాబాద్ కాడ తండాకు బండి దొరకక తెల్లారిందాక కూసున్న" అన్నడు. ఆ సంగతి ఇన్నేండ్లు మాకు తెల్వదు. దుబాయి నుంచి వచ్చిన మనిషి మన జిల్లాకే రాలేక ఒక రాత్రి కూసున్నడు.

మీ ఇంటి లెక్కలు కింద రాయండి.